కథ చెప్పి లెక్క చేయించే టీచరమ్మ క్లాస్, మా అనుభవం ఇదీ

ముందే చెప్పేస్తున్నా, ఇది అబాకస్ క్లాస్ కాదు, ఫోనిక్స్ క్లాస్ కాదు, ట్యూషన్ అసలే కాదు. విజయవాడ సత్యనారాయణపురం వైపు ఒక రిటైర్డ్ గవర్నమెంట్ స్కూల్ టీచర్ గారు వాళ్ళింటి వరండాలో శని ఆదివారాలు పొద్దున పూట నాలుగేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా పిల్లల్ని కూర్చోబెట్టుకుని కథలు చెప్తారు, ఆ కథల్లోనే లెక్కలు చేయిస్తారు, అదీ సంగతి. బోర్డు లేదు, పేరు లేదు, పాంప్లెట్ లేదు. అడ్రస్ నెట్‌లో పెట్టొద్దమ్మా వరండా అంతే కదా అన్నారు కాబట్టి పెట్టట్లేదు, ఆ వైపు ఉండేవాళ్ళకి ఎవర్నడిగినా టీచరమ్మ ఇల్లు చూపిస్తారు. ఫీజు నెలకి 800. ప్రింటౌట్లు, గవ్వలు, చింతపిక్కలు అన్నీ ఆవిడవే, మనం పంపాల్సింది పిల్లనీ ఒక వాటర్ బాటిల్‌నీ.

మా పాప యూకేజీ, ఇంగ్లీష్ మీడియం. ఇంతకుముందు ఒక పేరున్న సెంటర్‌కి పంపేవాళ్ళం, ఏసీ రూము, రంగు రంగుల టేబుళ్ళు, ఫీజు కూడా ఆ రేంజ్‌లోనే. అక్కడ లాంగ్వేజ్ పీరియడ్ వేరు, మ్యాథ్స్ పీరియడ్ వేరు, రెండిట్లోనూ షీట్లే. ఒక షీట్‌లో ఐదు యాపిల్స్ బొమ్మలుంటాయి, లెక్కపెట్టి 5 రాయాలి. ఇంకో షీట్‌లో ఏ ఫర్ యాపిల్. రెండు షీట్లలోనూ యాపిలే, కానీ ఆ యాపిల్స్ ఎవరివి, ఎక్కణ్ణుంచి వచ్చాయి, ఒకటి తినేస్తే ఏమవుతుంది అని పిల్లతో ఒక్క ముక్క మాట్లాడినవాళ్ళు లేరు. నెలాఖర్లో మాత్రం షీట్లన్నీ స్పైరల్ బైండింగ్ చేసి ఇచ్చేవాళ్ళు. బైండింగ్ బాగుండేది, అందులో అబద్ధం లేదు.

ఇక టీచరమ్మ దగ్గర ఏం జరుగుతుందో ఒక క్లాస్ పూర్తిగా చెప్తా, దాన్నిబట్టి మీకే అర్థమవుతుంది. మొదట్లో తల్లిదండ్రుల్ని కూడా ఓ మూల కూర్చోనిస్తారు (తర్వాత తరిమేస్తారు, ఆ సంగతి కింద చెప్తా), అప్పుడు చూసిందే ఇది.

ఏడు చేపల కథ. మనందరికీ వచ్చిందే, రాజుగారి కొడుకులు వేటకెళ్ళడం, చేపలు తేవడం, ఎండబెట్టడం, ఒక చేప ఎండకపోవడం. ఆవిడ కథ మొదలుపెట్టి కొడుకులు వేటకెళ్ళారు అనగానే ఆపి "ఎంతమంది?" అన్నారు. ఒక బాబు "ఏడు" అన్నాడు. తప్పు అనలేదు, "ఆఁ, ఏడుగురు కొడుకులు" అని కథ సాగించారు. కాసేపటికి చేపలు వచ్చాయి, "ఎన్ని?" అన్నారు. "ఏడుగురు" అని ఇంకో పిల్ల. ఈసారి మిగతా పిల్లలే పకపకా నవ్వారు, చేపలు ఏడుగురు ఏంటి అని. మనుషులకి ఎంతమంది, ఇద్దరు, ముగ్గురు, నలుగురు, వస్తువులకీ జంతువులకీ ఎన్ని, రెండు, మూడు, నాలుగు. ఇది మనం పుట్టినప్పట్నుంచీ మాట్లాడుతున్నాం కాబట్టి మనకి తెలీదు గానీ, లెక్కపెట్టే ముందు దేన్ని లెక్కపెడుతున్నాం అని ఆలోచించుకోమని మన భాషే అడుగుతుంది. ఇంగ్లీష్‌లో సెవెన్ సన్స్, సెవెన్ ఫిషెస్, రెండూ సెవెనే. ఇంట్లో సగం ఇంగ్లీష్, స్కూల్లో మొత్తం ఇంగ్లీష్ వింటున్న మా పాప లాంటి వాళ్ళకి ఈ ఇద్దరు ముగ్గురు నోట్లో తిరగట్లేదు, "రెండు అమ్మాయిలు వచ్చారు" అంటున్నారు, గమనించారో లేదో మీరు కూడా.

తర్వాత అట్టముక్కలతో కత్తిరించిన చేపలు ఇచ్చారు, దండెం మీద క్లిప్పులతో పెట్టమన్నారు. ఇప్పుడు అసలు పని మొదలు. "ఒక్కో కొడుక్కి ఒక్కో చేప వస్తుందా?" ఇది చూడ్డానికి చిన్న ప్రశ్న, కానీ పిల్లలు నిజంగానే ఏడుగురు లేచి నిలబడి ఒక్కొక్కరు ఒక్కో చేప కింద నించుని చూసుకున్నారు. సరిపోయింది. "ఒకటి ఎండలేదుగా, అది తీసేస్తే?" ఒక చేప కిందికొచ్చింది, కింద ఒక పిల్లాడు చేప లేకుండా మిగిలాడు. వాడి మొహం చూడాలి. "ఎండినవి ఎన్ని?" అంటే ఇద్దరు ముగ్గురు మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టారు, మా పాప మటుకు చేపలేని పిల్లాడిని చూసి "ఆరే" అంది. ఏడులోంచి ఒకటి తీసేస్తే ఆరు అని షీట్‌లో ఎన్నిసార్లు రాసిందో లెక్కలేదు, అక్కడ మైనస్ గుర్తు చూడగానే ప్లస్ చేసేసేది. ఇక్కడ తీసేయడం అంటే ఏంటో కళ్ళముందే ఒకడు బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. ఆ పిల్లాడికి ఎవరు సగం చేప ఇస్తారు అని పంచాయితీ కూడా నడిచింది, ఆవిడ ఆపలేదు, పది నిమిషాలు నడవనిచ్చారు. సగం అనే మాట అక్కడే వచ్చింది, ఎవరూ నేర్పలేదు.

కథ రెండో సగం తెలుసుగా, చేపా చేపా ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు, గడ్డిమోపుని అడిగితే ఆవు, అలా పోయి పోయి చీమ దాకా. ఆ బొమ్మల కార్డులు కలిపేసి ఇచ్చి వరసలో పెట్టమన్నారు. ఆవుకి ముందు ఎవరు, తర్వాత ఎవరు, మొదటిది ఏది, చివర ఏది, మధ్యలో ఏవి. కార్డు వెనక పెద్ద అక్షరాల్లో ఆవు, చీమ, గడ్డి అని రాసుంటుంది, బొమ్మ పెట్టాక తిప్పి చదవాలి. అంటే ఒకే పావుగంటలో వరస, చదవడం, ఎందుకు అని కారణం చెప్పడం, మూడూ అయిపోయాయి, పిల్లలకి మాత్రం కథ విన్నట్టే ఉంది.

నాకు దీంట్లో నచ్చింది ఏంటంటే ఆవిడ అంకెలకన్నా మాటల మీద ఎక్కువ టైమ్ పెడతారు. ఎక్కువ, తక్కువ, సమానం, ఇంకొంచెం, మిగతావి, పొడుగు, పొట్టి, మధ్య, పక్కన, ఒక్కొక్కటి, జత, సగం. ఇవి రాకుండా ఐదుకన్నా రెండు ఎక్కువ ఎంత అని అడిగితే పిల్లకి లెక్క రాక కాదు, ప్రశ్న అర్థంకాక నోరు తెరుచుకుని చూస్తుంది. మా చెల్లెలు బీఈడీ చేసింది, తను చెప్పింది, 2007లో గ్రెగ్ డంకన్ అనే పరిశోధకుడూ వాళ్ళ టీమూ పిల్లల చదువుల మీద ఆరు పెద్ద డేటాలు తీసుకుని చూస్తే స్కూల్లో చేరేటప్పుడు పిల్లలకున్న లెక్కల జ్ఞానమే తర్వాత ఎలా చదువుతారో అన్నిటికన్నా బాగా పట్టిచ్చిందట, చదివే నైపుణ్యం దాని తర్వాతట. మనమేమో ఏబీసీడీలు వచ్చాయా అని అడుగుతాం, లెక్కల సంగతి ఫస్ట్ క్లాస్‌లో చూసుకుందాంలే అంటాం. ఇంకోటి, చికాగోలో ఫస్ట్ క్లాస్ పిల్లల ఇళ్ళల్లో రాత్రి పడుకునే ముందు చిన్న లెక్కల కథ చదివి మాట్లాడుకునే యాప్ ఇచ్చి చూశారు, 2015లో 'సైన్స్' అనే పరిశోధన పత్రికలో వచ్చింది, లెక్కలంటే భయపడే తల్లిదండ్రుల పిల్లలకి దాంతో బాగా లాభం కనిపించింది. ఇది చదివాక మా ఆవిడ నావైపు ఒక చూపు చూసింది, ఎందుకో మీకు చెప్పక్కర్లేదు.

అంకెల పేర్ల దగ్గర ఒక విషయం, ఇది ఇంగ్లీష్ మీడియం పిల్లల అమ్మానాన్నలందరికీ పనికొస్తుంది. మా పాప ఫోర్టీన్ రాయమంటే 41 రాసేది. రివర్స్ రాస్తోంది, డాక్టర్‌కి చూపించాలేమో అని ఇంట్లో పెద్ద చర్చ. టీచరమ్మ చాలా కూల్‌గా "ఫోర్ ముందు వినిపిస్తోంది, ముందు అదే రాస్తోంది, పద్నాలుగు అనండి, చూడండి" అన్నారు. పద్నాలుగులో పది ముందు, నాలుగు తర్వాత. పదమూడు, పదిహేను, పదహారు, పదిహేడు అన్నీ అంతే. ఇరవై దాటాక మరీ హాయి, ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఎలా పలుకుతామో అలానే రాస్తాం. హిందీలో అయితే వంద దాకా దాదాపు ప్రతి అంకెకీ వేరే రూపమే, ఆ పిల్లలు బట్టీ పట్టాల్సిందే. అలాగని తెలుగులో అంతా సాఫీ అనుకోకండి, పదకొండు, పన్నెండు, పంతొమ్మిది దగ్గర తడబడతారు, ఇరవైకీ అరవైకీ తేడా వినపడక మా పాప ఇప్పటికీ అరవై తర్వాత ఇరవై ఒకటి అంటుంది. దానికి ఆవిడ పదేసి చింతపిక్కల పొట్లాలు కట్టించి పెట్టారు, రెండు పొట్లాలు ఇరవై, ఆరు పొట్లాలు అరవై, చేత్తో ఎత్తితేనే బరువు తేడా తెలుస్తుంది.

ఇంకోటి కొట్టు ఆట. వారం వారం ఒకళ్ళు కొట్టు పెడతారు, మిగతావాళ్ళు చీటీ రాసుకుని వెళ్ళాలి. రాయడం వచ్చినంతే రాయాలి, స్పెల్లింగ్ దిద్దరు. మా పాప మొదటి చీటీ నా పర్సులో ఉంది, "ఉ 2, బె 1, ప 3" అని ఉంటుంది, ఉప్పు రెండు, బెల్లం ఒకటి, పప్పు మూడు. కొట్టువాడు (ఐదేళ్ళ పెద్దమనిషి) దాన్ని చదివి "ప అంటే పప్పా పసుపా?" అని అడిగాడట. ఆ దెబ్బకి పక్కవారం చీటీలో "పపు 3" అని వచ్చింది. పూర్తిగా రాయాల్సిన అవసరం ఎందుకో ఎవరూ లెక్చర్ ఇవ్వలేదు, పసుపు ఇంటికొచ్చేసరికి తనకే అర్థమైంది. ఇప్పుడు ఇంట్లో డబ్బాలన్నిటికీ చీటీలు అంటిస్తోంది, కందిపప్పు డబ్బా మీద గరిటెలు ఎన్ని పడతాయో అంకె కూడా వేసింది. మా అమ్మ విసుక్కుంటోంది గానీ చీటీలు పీకట్లేదు.

ఆటలు కూడా ఉంటాయి, వామనగుంటలు, అష్టాచెమ్మా. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు వేసి ఎన్ని వెల్లకిలా పడ్డాయో వేలు పెట్టకుండా చూడగానే చెప్పాలి, అన్నీ బోర్లా పడితే ఎనిమిది. పెద్దపిల్లలైతే పావు ఎక్కడికి వెళ్తుందో కదపకముందే చెప్పాలి. దీని గురించి ఎక్కువ రాయను, మీరందరూ ఆడినవే, కాకపోతే ఆడుతూ పైకి మాట్లాడాలి అనేదే ఆవిడ రూలు, నోరు మూసుకుని ఆడితే ఆట చెల్లదు.

పుస్తకాల విషయానికొస్తే ఆవిడ కొన్నవి తక్కువే. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ సైట్ ఉంది కదా, 2015లో మొదలైంది, అందులో తెలుగు కథలు ఫ్రీగా చదువుకోవచ్చు, డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, ప్రింట్ తీసుకోవచ్చు, క్రియేటివ్ కామన్స్ అనే ఓపెన్ లైసెన్స్ కాబట్టి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. నాలుగు లెవెల్స్ ఉంటాయి, మొదటి లెవెల్లో పేజీకి ఒకటి రెండు వాక్యాలే. లెక్కపెట్టడం, ఆకారాలు, కొలతల మీద కూడా కథలున్నాయి. టీచరమ్మ మనవడు ప్రింట్లు తీసి పెడతాడు, ఈవిడ వాటి మీద పెన్సిల్‌తో ప్రశ్నలు రాసుకుంటారు. ఒక పేజీలో ఏనుగు, కుందేలు ఉంటే పక్కన "ఎవరి అడుగులు ఎక్కువ పడతాయి?" అని రాసుంది. నేను చూసి ఏనుగు అనబోయి ఆగాను, ఒకే దూరానికి చిన్న కాళ్ళవాళ్ళకే కదా అడుగులు ఎక్కువ. అదేరోజు పిల్లలు వరండా పొడవు కొలిచారు, టీచరమ్మ అడుగులు తక్కువ, పిల్లలవి ఎక్కువ వచ్చాయి, ఎందుకు అని మళ్ళీ పంచాయితీ. సైట్‌లో అనువాదం చేసిన కథలు ఎక్కువ కాబట్టి కొన్ని వాక్యాలు ఆవిడ మార్చి చెప్తారు, బెర్రీలు అని ఉంటే రేగుపళ్ళు చేసేస్తారు.

ఎన్సీఈఆర్టీ వాళ్ళ జాదూయీ పిటారా గురించి కూడా అడిగాను, అదే 2023లో మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల కోసం తెచ్చిన పెట్టె, బొమ్మలు, పజిల్స్, కార్డులు, కథలు అన్నీ ఉంటాయి. "పెట్టె మంచిదే బాబూ, తీసి మాట్లాడేవాళ్ళుండాలి కదా, మా స్కూల్లో కిట్లకి కొదవేంటి, బీరువాలో ఉండేవి, తాళం హెడ్మాస్టారి దగ్గర ఉండేది" అన్నారు. ఇక అంతకన్నా మాట్లాడలేదు.

సరే, ఇప్పుడు మైనస్‌లు. ఉన్నాయి, బానే ఉన్నాయి.

మొదటిది, తెలుగు ఇంట్లో మాట్లాడని పిల్లలకి ఇది కష్టం. మా పక్క ఫ్లాట్‌లో రాజస్థాన్ వాళ్ళ బాబు వచ్చి కొన్నాళ్ళకే మానేశాడు. ఆటల్లో బాగుండేవాడు, కథ దగ్గర బిత్తరచూపులు. ఆవిడకి హిందీ రాదు, వాడి అంకెలు వాడి భాషలో చెప్పించే ప్రయత్నం కూడా ఏమీ జరగలేదు. ఇంతమంచి పద్ధతి ఉన్న మనిషి అక్కడ ఇంకొంచెం ఓపిక పట్టాల్సింది అని నాకనిపించింది, ఆవిడకి చెప్పాను కూడా, "నిజమే" అన్నారు, అంతే.

రెండోది, స్కూల్‌తో లింక్ లేదు. స్కూల్లో టెస్ట్ ఇంగ్లీష్‌లో, ఇక్కడ పని తెలుగులో. పద్నాలుగు అంటే ఫోర్టీన్ అని కలిపే పని మొత్తం మనమే ఇంట్లో చేసుకోవాలి. మేం స్కూటర్ మీద వెళ్ళేటప్పుడు బండ్ల నంబర్లు రెండు భాషల్లోనూ చెప్పిస్తున్నాం, పని జరుగుతోంది, కానీ టైమ్ లేని వాళ్ళకి ఇది భారమే. రాత ప్రాక్టీస్ కూడా చాలా తక్కువ, 3 తిప్పి రాసినా పట్టించుకోరు, ఈ వయసుకి అది మామూలే అంటారు. స్కూల్ టీచర్ డైరీలో రాసి పంపిస్తే మాత్రం అది మనకే తగులుతుంది.

మూడోది, నాలుగేళ్ళవాళ్ళనీ ఏడేళ్ళవాళ్ళనీ కలిపి కూర్చోబెట్టడం. కథకి పర్లేదు, లెక్క దగ్గరకొచ్చేసరికి పెద్దపిల్లలు టక్కున చెప్పేస్తారు, చిన్నవాళ్ళు వాళ్ళ నోరు చూసి అనేస్తారు. ఆవిడ పెద్దపిల్లల్ని తన చెవిలో చెప్పమంటారు, అదీ కొంతవరకే. కొన్ని కథల్లో లెక్కని బలవంతంగా ఇరికించినట్టు కూడా ఉంటుంది. కాకి దాహం కథలో ఎన్ని రాళ్ళు వేసింది అని లెక్కపెట్టించడం వరకు బాగుంది, ఆ తర్వాత రాళ్ళని సమానంగా మూడు కుప్పలు చేయమన్నారు, కాకికి మూడు కుప్పలతో ఏం పని? పిల్లలు కూడా అదే అడిగారు. కథలోంచి పుట్టని లెక్క అయితే షీట్‌కీ దానికీ తేడా లేదు.

పేరెంట్స్‌తో ఆవిడ కాస్త కటువు. రెండు మూడు క్లాసులు చూడనిచ్చి తర్వాత "మీరుంటే మీ మొహం చూసి చెప్తారు, వెళ్ళి టిఫిన్ చేసి రండి" అని పంపేస్తారు. ప్రోగ్రెస్ రిపోర్ట్ లాంటివేం లేవు. మా పాప ఎలా ఉందండీ అంటే "బావుంది" అంటారు, మా బంధువు ఒకావిడకి మాత్రం "ఇంట్లో టీవీ తగ్గించి పిల్లాడితో మాట్లాడమ్మా" అని అందరి ముందే అన్నారట, ఆవిడ ఇంకా అలక మీదే ఉంది. ఫస్ట్ క్లాస్ అయ్యేసరికి 99 వరకూ రావాలని నిపుణ్ భారత్ (చిన్నపిల్లల చదువూ లెక్కల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన కార్యక్రమం) లక్ష్యాల్లో ఉంది కదండీ, అక్కడికి ఎప్పుడొస్తారు అని నేను ఒకసారి అడిగా. "ఇరవై దాకా నిజంగా తెలిస్తే తొంభై తొమ్మిది ఎంతసేపు" అన్నారు. మా పాప విషయంలో అది ఇంకా తేలాల్సి ఉంది, ప్రస్తుతానికి ముప్పై తొమ్మిది తర్వాత ఆగి పొట్లాల వైపు చూస్తోంది, కానీ చూశాక నలభై అని తనే చెప్తోంది.

ఎవరికి పనికొస్తుంది అంటే, ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళయి, స్కూల్లో మార్కులు ఈ నెలే పెరగాలనే తొందర లేనివాళ్ళయితే కళ్ళు మూసుకుని పంపండి. ఇంటికొచ్చాక ఏం రాశావ్ అని అడిగే అలవాటుంటే వద్దు, చూపించడానికి ఏమీ ఉండదు, జేబులో నాలుగు చింతపిక్కలు తప్ప. నేనైతే ఐదుకి నాలుగు ఇస్తా, ఆ రాజస్థాన్ బాబు విషయంలో ఒకటి కట్.

కొత్త పిల్లల్ని దసరా సెలవులయ్యాక తీసుకుంటారట, ముందే వెళ్ళి పేరు చెప్పి రావాలి, ఫోన్ ఎత్తరు. శనివారం కన్నా ఆదివారం రద్దీ తక్కువ. కారులో వెళ్ళకండి, సందు ఇరుకు, బండి కూడా మొదట్లో టైలర్ షాపు పక్కన పెట్టుకోవడమే మంచిది. వానాకాలం వరండాలోకి జల్లు కొడుతుంది, ఆ రోజుల్లో క్లాస్ ఉందో లేదో ఎదురింటి వాళ్ళనడిగి బయల్దేరండి.